ఒక్కటి వినపడితే ఆగాలి

గేటు గది,
ఫిబ్రవరి 11

అక్కకి,

నీ కార్డు అందింది. నా మోకాలు అలాగే ఉంది. కూర్చుంటే నొప్పి లేదు, లేస్తేనే. అందుకని ఎక్కువగా కూర్చునే ఉంటున్నాను.

ఇక్కడ హడావుడి పెరిగింది. కొండమీదివాళ్ళు ఈ వేసవిలో నగరం మీద పడతారని అందరూ అంటున్నారు. వంతెనకి అడ్డంగా రెండు పాత బస్సులు పెట్టి ఇసుక మూటలు పేర్చారు. పిల్లల బళ్ళు మూసేశారు. నా చొక్కాలు కుట్టే దర్జీ కూడా తుపాకీ పట్టుకుని వంతెన మీద నిలబడుతున్నాడు. "టేపు పట్టుకున్న చేతికి ఇది బరువుగా ఉందన్నా" అన్నాడు. భుజం మీద మాత్రం టేపు అలాగే వేలాడుతోంది.

మొన్న ఒక కెప్టెను నా గది చూడడానికి వచ్చాడు. చిన్న వయసు, మంచివాడే. చెరువు గట్టు, గేటు, దాన్ని ఎత్తే చక్రం అన్నీ చూశాడు. చెరువు నుంచి నగరంలోకి పోయే పెద్ద గొట్టంలో మనిషి నడవగలడా అని అడిగాడు. నీళ్ళు లేనప్పుడు వంగి నడవచ్చు అన్నాను. గోడకి ఉన్న పెద్ద స్పానరు చూసి ఇదెందుకు అన్నాడు. చెప్పాను. గేటు ఎత్తే ముందు దీంతో గొట్టం మీద మూడు దెబ్బలు కొట్టాలి. నూరు లెక్కపెట్టాలి. శుభ్రం చేసేవాళ్ళు ఎవరన్నా లోపల ఉండిపోతే వాళ్ళు తిరిగి ఒక్కటి కొడతారు. ఒక్కటి వినపడితే ఆగాలి. ఆ మనిషి పైకి వచ్చి మన కళ్ళ ముందు నిలబడేదాకా చక్రం ముట్టుకోకూడదు. ఇనుము కాబట్టి ఎంత దూరాన కొట్టినా వినపడుతుంది.

ఆయన నవ్వాడు. "తలుపు తట్టి లోపలికి వెళ్ళే మర్యాద నీళ్ళకి కూడానా, తాతా?" అన్నాడు. నాకు జవాబు తోచలేదు. ఎప్పుడూ మనిషి వెళ్ళిపోయాకే తోస్తుంది. ముప్పై ఎనిమిదేళ్ళలో ఈ గొట్టంలో ఒక్క ప్రాణం పోలేదు అని చెప్పి ఉండాల్సింది.

నీ కొడుకు సంగతి రాయలేదు. చిన్నోడు నా దగ్గర పని మానేసి వెళ్ళి పది నెలలు దాటింది. కోపం తగ్గిందా? వాడి తువ్వాలు ఇక్కడే మేకుకి ఉంది. గోడ మీద వాడు సుద్దముక్కతో రాసిన నీటిమట్టం కూడా ఉంది. తుడవలేదు.

తమ్ముడు

ఎగువ ఊరు,
ఫిబ్రవరి 19

ఒరే తమ్ముడూ,

బెల్లం కొట్టిన రాయిలా ఉండేవాడివి, ఏకంగా రెండు పేజీలు రాశావు! ఎవరి చేతన్నా రాయించావేమోనని అక్షరాలు పట్టి పట్టి చూశాను. నీవే. కోడి కెలికినట్టు ఉన్నాయి.

దర్జీ చేతికి తుపాకీ ఇచ్చారంటే ఇక టీకొట్టువాడి చేతికి ఫిరంగి ఇస్తారు కాబోలు. నువ్వు మాత్రం ఏదీ పట్టుకోకు. నీకు ఆ స్పానరు చాలు.

చిన్నోడు బాగానే ఉన్నాడు. రాళ్ళ క్వారీలో పని చేస్తున్నాడు. పదిహేను రోజులకోసారి వచ్చి ఒక పూట ఉండి పోతాడు. గడ్డం పెంచాడు, పాతికేళ్ళవాడు నీకంటే పెద్దవాడిలా ఉన్నాడు. కోపం సంగతి అడిగావు. ఎక్కడ తగ్గుతుందిరా? కొండకింద కొత్త కాలనీకి నీళ్ళు ఆపమంటే నువ్వు ఆపేశావు. అది వాడు మర్చిపోలేదు. "అక్కడ మనుషులున్నారని తెలిసీ మామయ్య చక్రం తిప్పాడమ్మా. ఏంటి మామయ్యా అంటే ఆర్డరు వచ్చిందన్నాడు" అని నాకు ఎన్నిసార్లు చెప్పాడో. నేనేం చెప్పను? నువ్వు పని చేసే మనిషివి, వాడు అడిగే మనిషి. మధ్యలో నేను వంట చేసే మనిషిని.

కానీ మొన్న వచ్చినప్పుడు వాడే నీ ఊసెత్తాడు. మామయ్య మోకాలు ఎలా ఉంది అన్నాడు. పెద్ద గొట్టం ఈ ఏడు ఎప్పుడు ఎండగడుతున్నారో కనుక్కో అన్నాడు. అదుగో, ఇంకా పని మీద ధ్యాస ఉంది. వాడికి రాసినట్టే నాకు రాయి, చదివి వినిపిస్తాను.

నీ అక్క

గేటు గది,
ఫిబ్రవరి 26

అక్కా,

నీ ఉత్తరం మూడుసార్లు చదివాను. చిన్నోడు గొట్టం సంగతి అడిగాడంటే నాకు ఎంత సంతోషమైందో రాయడం రాదు. నాలుగేళ్ళు నేర్పాను. పని వంటబట్టినవాడికి అది పోదు.

వాడికి ఇలా చెప్పు. మార్చి ఇరవైన గేటు దించుతాం. పది రోజులు గొట్టం ఎండగా ఉంటుంది. ఎనిమిది మంది శుభ్రం చేస్తారు. పొద్దున తొమ్మిదిన్నరకి లోపలికి దిగుతారు, అంతకుముందు గొట్టంలో ఎవరూ ఉండరు. ముందు చెరువు వైపు, తరవాత నగరం వైపు. నగరంలో గొట్టం పైకి తేలేది ఆసుపత్రి వెనక తొట్టిలోకే, అది మారలేదు.

ఇంకొకటి చెప్పు. పొలం మధ్యలో గొట్టంలోకి దిగే మూత ఉంది కదా, దాని కింద నిచ్చెన తుప్పు పట్టిందని వాడు ఎప్పుడూ గోల చేసేవాడు. మూడుసార్లు అర్జీ పెట్టి కొత్తది వేయించాను. గట్టిది. నేనే పట్టుకుని ఊగి చూశాను. వాడు అడిగిన పని అయిందని చెప్పు.

తమ్ముడు

ఎగువ ఊరు,
మార్చి 9

తమ్ముడూ,

చిన్నోడు వచ్చాడు. నీ ఉత్తరం చదవబోతే నా చేతిలోంచి తీసుకుని వాడే చదువుకున్నాడు. నిచ్చెన సంగతి దగ్గర ఆగిపోయాడు. "నిజంగా వేయించాడా?" అన్నాడు. కళ్ళు తుడుచుకున్నట్టు కూడా అనిపించింది, పొగ అన్నాడు. నేను పొయ్యి వెలిగించనే లేదు.

వెళ్తూ వెళ్తూ ఒకటే మాట. ఆ పది రోజులూ మామయ్యని మనింటికి రమ్మను, ఇరవై రెండుకల్లా తప్పకుండా ఇక్కడ ఉండేటట్టు చూడు అన్నాడు. నీళ్ళు లేనప్పుడు గేటు దగ్గర ఆయనకేం పని అన్నాడు. ఎందుకురా అంత తొందర అంటే నా ముఖం చూడకుండా చెప్పులు వేసుకున్నాడు. నీ ఉత్తరం జేబులో పెట్టుకుని పోయాడు.

వచ్చెయ్యి. నీ మోకాలికి నూనె రాస్తాను.

నీ అక్క

గేటు గది,
మార్చి 14

అక్కా,

రాలేను. నీళ్ళు లేనప్పుడే నాకు ఎక్కువ పని. ఆ ఎనిమిది మంది లోపల ఉన్నంతసేపూ నేను గేటు దగ్గర ఉండాలి. వేరేవాళ్ళ చేతికి చక్రం ఇచ్చి రాలేను. చిన్నోడికి ఇది తెలుసు. ఎందుకు అలా అన్నాడో.

ఏప్రిల్‌లో వస్తాను.

తమ్ముడు

గేటు గది,
మార్చి 25

అక్కా,

నేను బాగానే ఉన్నాను. రేడియోలో విని కంగారు పడతావని రాస్తున్నాను.

ఇరవై మూడో తారీఖు పొద్దున ఎనిమిదిన్నరకి వంతెన దగ్గర కాల్పులు మొదలయ్యాయి. కొండమీదివాళ్ళు వంద మందికి పైగా వచ్చారట. సైన్యమంతా అటే పరిగెత్తింది. శుభ్రం చేసే ఎనిమిది మందినీ బడి వరండాలో కూర్చోబెట్టారు. అప్పుడు ఒక గొర్రెలాయన వచ్చి పొలంలో గొట్టం మూత జరిపి ఉందని చెప్పాడు. కెప్టెను నా దగ్గరికి వచ్చి గేటు తెరవమన్నాడు. తెరిచాను.

వంతెన దగ్గర మనవాళ్ళు ఆరుగురు పోయారు. దర్జీ పోయాడు. పడుకోబెట్టినప్పుడు కూడా టేపు మెడలోనే ఉంది.

గొట్టంలోంచి ఆసుపత్రి వెనక తొట్టిలోకి పదకొండు మంది వచ్చారు. ప్రాణంతో కాదు. నన్ను ఎవరూ పిలవలేదు, నేనే వెళ్ళాను. పదకొండు ముఖాలూ చూశాను. మనకి తెలిసినవాళ్ళు ఎవరూ లేరు.

పొలంలో మూత దగ్గరికి సైన్యం పోయేసరికి పొలం గట్టు దాకా తడి అడుగులు ఉన్నాయట. ఒక్క మనిషివి.

నగరం నిలబడింది. రొట్టెల దుకాణానికి వెళ్తే అందరూ లేచి నిలబడ్డారు. రొట్టె తీసుకోకుండానే వచ్చేశాను.

చిన్నోడు క్వారీలోనే ఉన్నాడు కదా? ఒక్క ముక్క రాయి.

తమ్ముడు

ఎగువ ఊరు,
ఏప్రిల్ 2

తమ్ముడికి,

ఉత్తరం చేరింది. చిన్నోడు క్వారీలోనే ఉన్నాడు. ఇక్కడ ఎవరికీ ఏమీ కాలేదు.

నగరాన్ని కాపాడావని మా ఊరి పోస్టుమాస్టరు పేపరు తెచ్చి చూపించాడు. ఫోటోలో నువ్వు చక్రం పక్కన తల దించుకుని ఉన్నావు. సంతోషం.

నాకు ఒకటే తెలియాలి. ఆ రోజు గేటు ఎత్తే ముందు స్పానరుతో కొట్టావా లేదా? కొట్టి ఉంటే ఏం విన్నావు? మోకాలి సంగతి, రొట్టెల సంగతి వద్దు. ఇది రాయి.

అక్క

గేటు గది,
ఏప్రిల్ 8

అక్కా,

కొట్టాను.

కెప్టెను చప్పుడు చెయ్యొద్దన్నాడు. లోపల వాళ్ళుంటే తెలిసిపోతుంది, ఊరికే ఎత్తెయ్యి అన్నాడు. నేను స్పానరు తీసి మూడు కొట్టేశాను. ఆయన నా చెయ్యి పట్టుకున్నాడు. "ఏం చేశావు తాతా!" అన్నాడు. ముప్పై ఎనిమిదేళ్ళ అలవాటు బాబూ, చెయ్యి దానంతటది పోయింది అన్నాను. ఆయన నమ్మాడు. అందరూ నమ్మారు. పేపర్లో కూడా అలాగే రాశారు.

నీతో అబద్ధం ఆడలేను. చెయ్యి పోలేదు. నేనే కొట్టాను. నువ్వు రాసిన "ఇరవై రెండుకల్లా" అన్న మాట ఆ పొద్దున కాల్పులు వినపడగానే అర్థమైంది. గొట్టం ఎప్పుడు ఎండుతుందో, లోపల ఎప్పుడు ఎవరూ ఉండరో నా చేత్తో నేనే రాసి పంపాను. చిన్నోడు లోపల ఉంటాడనుకున్నాను. ఆ దెబ్బలు వాడికి తెలుసు. విని వెనక్కి పోతాడని కొట్టాను.

లెక్కపెట్టడం మొదలుపెట్టాను. ఇరవై ఏడు దగ్గర ఒక్కటి వినపడింది.

రాయితో కొట్టిన దెబ్బ. స్పానరుది అలా ఉండదు. కెప్టెను "ఏంటది?" అన్నాడు. అప్పటిదాకా ఆయనకి లోపల ఎవరన్నా ఉన్నారో లేదో తెలియదు. ఏదో పాత గొట్టం చప్పుడు అని నేను అనొచ్చు. అనలేదు. "మనిషి" అన్నాను. "ఎంతమంది?" అన్నాడు. "ఎంతమంది ఉన్నా ఒక్కటే కొడతారు" అన్నాను.

ఆయన అరవలేదు. తుపాకీ చూపించలేదు. నిదానంగా చెప్పాడు. "తాతా, ఇది తేలేది ఆసుపత్రి వెనక. మూడొందల మంది మంచాల మీద ఉన్నారు. కాపలాకి నా దగ్గర నలుగురే ఉన్నారు. నువ్వు ఎత్తకపోతే నేను ఎత్తుతాను, కానీ నాకు ఎత్తడం రాదు" అన్నాడు.

నేను లెక్క ఆపలేదు. నోట్లో నడుస్తూనే ఉంది. నూరు దాకా లెక్కపెట్టాను. ఒక్కో అంకెకీ ఎక్కువసేపు తీసుకున్నాను. అంతకంటే ఏం చెయ్యాలో నాకు తోచలేదు. నూరు అయింది. ఇంకో దెబ్బ రాలేదు. ఎవరూ పైకి రాలేదు. చక్రం తిప్పాను.

నూరు లెక్కపెట్టేది జవాబు రానప్పుడు. వచ్చాక ఆగాలి. అది నేనే వాడికి నేర్పాను.

వచ్చే వారం నాకు పతకం ఇస్తారట. మోకాలు నొప్పి, మెట్లు ఎక్కలేను అని చెప్పాను.

ఇప్పుడు నువ్వు నన్ను ఏమన్నా అను. కానీ వాడు ఉన్నాడో లేడో మాత్రం దాచకు.

తమ్ముడు

ఎగువ ఊరు,
ఏప్రిల్ 20

తమ్ముడూ,

ఇది పోస్టులో వెయ్యడం లేదు. బస్సు డ్రైవరు చేతికి ఇస్తున్నాను. చదివి పొయ్యిలో పెట్టు.

ఉన్నాడు. వెనక గదిలో ఉన్నాడు. ఇరవై ఐదో తారీఖు మధ్యాహ్నం పెరటి గోడ పట్టుకుని వచ్చాడు. రెండు అరచేతుల్లోనూ చర్మం లేదు. నిచ్చెన పట్టుకుని వేలాడాడట, నీళ్ళు మెడ దాకా వచ్చి తోసేస్తుంటే. కొత్త నిచ్చెన కాబట్టి నిలబడిందమ్మా, పాతదయితే ఊడిపోయేది అన్నాడు. వచ్చాక మొదట అన్న మాట అదే.

నీకు క్వారీ అని రాసినప్పుడు వాడు నా పక్క గదిలోనే ఉన్నాడు. నేను దాచింది అదొక్కటే కాదు. నీ ఉత్తరం వాడికి ఇచ్చింది నేను. ముఖం తప్పించి చెప్పులు వేసుకున్నప్పుడే నాకు తెలిసింది. తెలియనట్టు ఊరుకున్నాను. నిన్ను అనడానికి నోరు తెరిచినప్పుడల్లా ఇది అడ్డం వస్తోంది.

నీ ఉత్తరం వాడికి చదివి వినిపించాను. వాడు గోడ వైపు తిరిగి అంతా విన్నాడు. సాయంత్రం లేచి కూర్చున్నాడు. తరవాత చెప్పాడు. వాడిని మూత దగ్గర నిచ్చెన మీద కాపలా పెట్టారట, గొట్టం చప్పుళ్ళు వాడికొక్కడికే తెలుసు కాబట్టి. మూడు దెబ్బలు వినపడగానే లోపలున్న పదకొండు మందీ ఆగిపోయారట. వెనక్కి రమ్మంటావా అని వాడిని కేకేసి అడిగారట. వీడు రాయి తీసుకుని ఒక్కటి కొట్టి, "పర్వాలేదు, నడవండి. ఒక్కటి వింటే మా మామయ్య చచ్చినా తెరవడు" అన్నాడట.

వాళ్ళు నమ్మి ముందుకి నడిచారు.

"మామయ్య నా దెబ్బ విని తెరిచాడమ్మా. వాళ్ళు నా మాట విని నడిచారు. రెండూ నావే" అంటాడు. ఆ మూడొందల మంది మంచాల సంగతి నేనెత్తితే దుప్పటి కప్పుకుంటాడు. కప్పుకుని, లోపలి నుంచి, "నాకు తెలుసమ్మా" అన్నాడు ఒకసారి.

నీ మీద నాకు కోపం పోలేదు. మంచాల మీద ఉన్నవాళ్ళకీ అమ్మలున్నారు, తెలుసు. కానీ నేను వీడి అమ్మని. ఎప్పటికి పోతుందో నాకే తెలియదు. పోయిందని అబద్ధం రాయను.

ఇంకొకటి చెప్పాలి. వాడికి నీళ్ళంటే వణుకు. చెంబు ఎత్తితే చాలు, పళ్ళు టకటకలాడతాయి. పద్దెనిమిది రోజులు స్నానం లేదు. ఏం చెయ్యాలో తోచక ఒకరోజు చెంబుతో బకెట్టు మీద మూడు కొట్టాను. ఎందుకు కొట్టానో నాకే తెలియదు. వాడు నన్ను చూశాడు. గచ్చు మీద వేలితో ఒక్కటి కొట్టాడు. నేను చెంబు దించేశాను. తడిగుడ్డతో తుడిచి పంపేశాను. ఆరు రోజులు అలాగే జరిగింది. నేను మూడు, వాడు ఒకటి, చెంబు కిందికి.

నిన్న మూడు కొట్టాను. ఏమీ వినపడలేదు. నూరు లెక్కపెట్టాను. నా అంకెలు నీకంటే మెల్లగా నడిచాయి. వాడు కళ్ళు మూసుకుని కూర్చున్నాడు. పోశాను.

తరవాత తల తుడుస్తుంటే, "మామయ్య మోకాలు ఎలా ఉందట?" అన్నాడు.

నీ అక్క

గేటు గది,
ఏప్రిల్ 24

అక్కా,

నీ ఉత్తరం నువ్వు చెప్పినట్టే చేశాను.

గది తాళం, స్పానరు కెప్టెనుకి అప్పజెప్పాను. కొత్త మనిషి వచ్చేదాకా గేటు ఎత్తొద్దన్నాను. వచ్చినవాడికి ఏం నేర్పాలి తాతా అని అడిగాడు. ఈసారి మనిషి వెళ్ళకముందే జవాబు తోచింది. ఒక్కటి వినపడితే ఆగడం నేర్పండి, నేను ఆగలేదు అన్నాను. ఆయన టోపీ తీశాడు.

శనివారం బస్సుకి వస్తున్నాను. చెప్పకుండా రావడం మంచిది కాదు, వాడికి ముందే చెప్పు. తువ్వాలు ఉతికి తెస్తున్నాను. గోడ మీద సుద్ద రాత మాత్రం తేలేను.

వచ్చాక వాడి గది తలుపు మీద మూడు కొడతాను. లోపలి నుంచి ఒక్కటి వినపడితే ఆగుతాను. వరండాలో కూర్చుంటాను. నూరు లెక్కపెట్టను. వాడు లేచి వచ్చి నా కళ్ళ ముందు నిలబడేదాకా తలుపు ముట్టుకోను. ఎన్ని రోజులైనా సరే.

తమ్ముడు